నడుం మీద చేతులు

ఒక కుర్రవాడు బద్ధకస్తుడని మా ఆఫీసు రాసి పంపింది. రాసే ముందు ఆ కుర్రవాణ్ణి ఎవరూ ఒక్క మాట అడగలేదు. జరిగిన అన్యాయం ఇంతే. ఇదేమంత పెద్ద నేరం, ఇలాంటివి రోజూ జరుగుతూనే ఉంటాయిగా అని మీరనొచ్చు. రోజూ జరుగుతున్నాయనే నా కోపం.

ముందు ఆఫీసు సంగతి చెప్పాలి. న్యూజెర్సీలో పార్సిప్పనీ. పెద్ద కంపెనీల అద్దాల భవనాలకు వెనక వీధి. కింద పళ్ళ డాక్టరు, పైన మేము. కాలేజీ ఫుట్‌బాల్ ఆటల (కాలితో తన్నేది కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఉరికే అమెరికా ఆట) వీడియోలు తెప్పించి, ముక్కలుగా కోసి, ఒక్కొక్క ఆటగాడి ముక్కలన్నీ ఒకచోట చేర్చి, వాడు ఎంతవరకు పనికొస్తాడో రిపోర్టు రాసి ప్రొఫెషనల్ జట్లకు అమ్మడం మా పని. ఏటా వసంతంలో డ్రాఫ్ట్ అని ఒక తంతు ఉంటుంది. ప్రొఫెషనల్ జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రవాళ్ళని ఎంచుకుంటాయి. పేరు ముందు పిలిస్తే బతుకు ఒకలా ఉంటుంది, చివర్లో పిలిస్తే ఇంకోలా ఉంటుంది, అసలు పిలవకపోతే ఇంటికి పోవడమే. పెళ్ళిచూపుల్లాంటిదే అనుకోండి. కాకపోతే పెళ్ళిచూపుల్లో కనీసం పాట వచ్చా, వంట వచ్చా అని ఏదో ఒకటి అడుగుతారు.

నేను ఆ పనిలోకి వచ్చిన దారి వంకర దారి. ఇంటర్ తప్పాను, మళ్ళీ కట్టలేదు. ఆ తర్వాతి చదువంతా లైబ్రరీల్లో సొంతంగా చేసిందే, మొదట గుంటూరు జిల్లాలో, తర్వాత ఇక్కడ. మా అక్క డెబ్బైల్లోనే ఈ దేశం వచ్చిన డాక్టరు. తమ్ముడికి గ్రీన్‌కార్డు తెప్పించగలిగింది గానీ డిగ్రీ తెప్పించలేకపోయింది. పిస్కాటవేలో తెలుగు సినిమా క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు ఉండేది. దాని వెనక గదిలో చాలా ఏళ్ళు టేపులు కాపీ తీశాను, తెగినవి అతికించాను, అరిగినచోట కోసేశాను. ఏ బొమ్మ దగ్గర ఆపాలో నా బొటనవేలికి తెలుసు. డీవీడీలు వచ్చి కొట్టు మూతపడింది. 2001లో ఈ ఆఫీసులో వీడియో కోసేవాడు కావాలంటే వెళ్ళాను.

"ఫుట్‌బాల్ తెలుసా?" అని అడిగాడు మా బాసు.

"తెలియదు. వెనక్కి తిప్పి చూడడం తెలుసు," అన్నాను.

ఆయన పగలబడి నవ్వి, ఆ సోమవారం నుంచే రమ్మన్నాడు. వాళ్ళ ఇంగ్లీషుని నా తెలుగులో చెబుతున్నాను, మీరు సర్దుకోవాలి.

మొదటి ఏడాది నా అజ్ఞానం ఆఫీసుకి మంచి కాలక్షేపం. మైదానంలో అంపైరు పసుపుపచ్చ గుడ్డ విసిరినప్పుడల్లా పాపం ఎవరిదో జేబురుమాలు పడిపోయింది అనుకునేవాణ్ణి. అది తప్పు జరిగిందనడానికి గుర్తని తెలిసేసరికి నవంబరు వచ్చింది. కానీ వెనక్కి తిప్పి, మళ్ళీ తిప్పి చూస్తూ ఉంటే ఏ విద్యయినా కొంత అబ్బుతుంది. కొన్నేళ్ళకి ఆఫీసులో రిసీవర్ల ముక్కలన్నీ నా బల్లమీదికే వచ్చేవి. మ్యాచ్ అంతా కొన్ని సెకన్ల చిన్న చిన్న ఆటలుగా సాగుతుంది. రిసీవరంటే మరేం లేదు. ఆట మొదలవగానే ముందుకు ఉరికి, తనకి కాపలా ఉన్నవాణ్ణి ఏమార్చి, వెనక నుంచి విసిరిన బంతిని అందుకునేవాడు. చూడ్డానికి పరుగులా ఉంటుంది. నిజానికి అది మోసం. నడుము ఒకవైపు చూపించి కాలు ఇంకోవైపు వేయడం. కబడ్డీ కూత పట్టినవాడు గీత దగ్గర ఊగుతాడే, అలాంటిదే.

మేము మొత్తం నలుగురం. మా బాసు ఒకప్పుడు హైస్కూలు కోచ్. మోకాళ్ళు పోయి మైదానం వదిలాడు గానీ విజిల్ ఊదే అలవాటు పోక, మాట్లాడుతూ పెన్నుతో బల్లమీద కొట్టేవాడు. పెన్ను ఆగిందంటే మేము జాగ్రత్తపడాలి. నన్ను 'పాప్స్' అనేవాడు, మన తాతగారూ లాగా. రెండోవాడు స్కౌటు. అంటే కారేసుకుని ఊరూరా తిరిగి ఆటలు చూసి వచ్చి, నేను కోసిన ముక్కలు కూడా చూసి, చివరి మాట రాసేవాడు. తనూ కాలేజీలో ఆడినవాడే. తలుపులోంచి కొంచెం పక్కకి తిరిగి రావాల్సినంత మనిషి. నెమ్మదస్తుడు. మా ఆవిడ అప్పుడప్పుడు అతనికి పులిహోర పంపేది. ఆ డబ్బా ఎప్పుడూ ఖాళీగా తిరిగొచ్చేది కాదు. నాలుగు యాపిల్ పళ్ళో, వాళ్ళావిడ చేసిన బిస్కట్లో పెట్టి ఇచ్చేవాడు. ఖాళీ డబ్బా వెనక్కివ్వకూడదని అతనికి ఎవరు చెప్పారో మాకు అంతుపట్టలేదు. ఇంక నాలుగోవాడు వరంగల్ పిల్లవాడు, హెచ్-వన్ మీద వచ్చిన ప్రోగ్రామరు. మా టిక్కులన్నీ అతని సాఫ్ట్‌వేర్లోకి పోయి, లెక్కలై బయటికొచ్చేవి.

టిక్కులంటే ఇవి. ప్రతి ముక్కకీ కొన్ని గళ్ళు ఉండేవి. పరిగెత్తాడా, తనవాళ్ళ కోసం అడ్డం పడ్డాడా, బంతి వచ్చిందా, పట్టాడా, వదిలాడా. చివరి గడి పేరు 'లోఫ్'. ఆట మొదలయ్యాక రిసీవరు రెండడుగులు కూడా వేయకుండా నిలబడిపోతే అందులో టిక్కు పెట్టాలి. మనం లోఫర్ అని తిడతామే, ఆ కుటుంబానికి చెందిన మాటే. ఎందుకు నిలబడ్డాడు అన్నదానికి గడి లేదు.

నేను ఉద్యోగం మానేయడానికి రెండేళ్ళ ముందు వసంతం. మాకు రిపోర్టులు కొనే జట్టుకి ఒక రిసీవరు కావాల్సి వచ్చింది. వాళ్ళ కన్ను ఇద్దరి మీద పడింది. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి, ఎవరు ముందో తేల్చి చెప్పమన్నారు. పేర్లు చెప్పను. ఒకడు మంచుపడే ఊరి కాలేజీవాడు, ఇంకొకడు ఎండ మండే ఊరి కాలేజీవాడు. అలాగే పిలుచుకుందాం.

మంచు ఊరివాడు పొడగరి. పైకెగిరి, ఇద్దరి చేతుల మధ్య నుంచి బంతి లాక్కునేవాడు. అప్పుడప్పుడు సులువైనది వదిలేసేవాడు. కష్టమైనది పట్టి సులువైనది వదిలేసేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు, మీకూ తెలిసే ఉంటారు. బంతి తనవైపు రాకపోయినా చివరిదాకా ఉరికేవాడు. ఎండ ఊరివాడు అంత ఎత్తు లేడు, గడియారం పెట్టి చూస్తే అంత వేగమూ లేదు. కానీ మలుపు దగ్గర వాడు వేరు. కాపలావాడి నడుము ఒకవైపు తిరిగేదాకా ఓపిక పట్టి, తిరిగిన మరుక్షణం రెండోవైపు జారిపోయేవాడు, తడి ఇసుకలో పీతలాగా. మా సముద్రం ఒడ్డున పెరిగినవాళ్ళకి ఆ జారుడు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఇద్దర్లో ఎవరు మెరుగంటే, అప్పుడు నన్నడిగినా చెప్పలేకపోయేవాణ్ణి. నా గొడవ ఎవరు ముందన్నది కాదు.

రిపోర్టు కాగితాలు ప్రింటరు మీద ఉంటే చూశాను. మంచు ఊరివాడి పేరు కింద, 'ప్రతి ఆటా చివరిదాకా ఆడతాడు.' ఎండ ఊరివాడి పేరు కింద, 'బద్ధకం. తనకి బంతి రాదని తెలిస్తే ఆట మానేస్తాడు.' పక్కనే ఫోటో. మైదానం అంచున ఆ కుర్రవాడు, చుట్టూ అందరూ ఉరుకుతుంటే, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడి ఉన్నాడు. ఆ బొమ్మ నేను కోసిన ముక్కలోదే.

నాకు ఒళ్ళు మండింది. నేను పెట్టిన టిక్కుకి అర్థం 'కదల్లేదు' అని. వీళ్ళు రాసింది 'బద్ధకం' అని. మొదటిది కంటికి కనబడేది. రెండోది మనిషి లోపల ఉండేది. లోపలికి వీళ్ళెప్పుడు వెళ్ళొచ్చారు?

మర్నాడు ఆ కాలేజీ ఆటలు మళ్ళీ వేసుకున్నాను, ఈసారి ముక్కలు కాదు, మైదానమంతా కనిపించే పూర్తి వీడియో. ఒక్కడినే చూస్తే తెలియనిది పదకొండుమందినీ చూస్తే తెలిసింది. మామూలుగా జట్లు ఒక్కొక్క ఆట అయ్యాక గుంపుగా చేరి మాట్లాడుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ గీత మీదికి వస్తాయి. మంచు ఊరి జట్టు అలాగే చేసేది, తాపీగా, పొగలు కక్కే నోళ్ళతో. ఎండ ఊరి జట్టు గుంపు కట్టేది కాదు. ఒక ఆట అయిందో లేదో ఉరుక్కుంటూ వచ్చి ఇంకోటి మొదలుపెట్టేది. అవతలివాళ్ళకి ఊపిరి తిరగకూడదని వాళ్ళ పన్నాగం. అంత వేగంలో మనవాడు నిలబడిందెప్పుడయ్యా అంటే, ఆట రెండోవైపు నడిచినప్పుడు. ఆట ఇటు నడిచినప్పుడు అటు చివర ఉన్న రిసీవరూ నిలబడుతున్నాడు. ఇద్దరూ వంతులు వేసుకుని అలుపు తీర్చుకుంటున్నట్టు ఉంది. ఒకడికి బద్ధకం రావచ్చు. ఇద్దరికీ వంతులవారీగా వస్తుందా?

భోజనాల గదిలో వరంగల్ పిల్లవాడు మైక్రోవేవ్ ముందు నిలబడి ఉంటే పట్టుకున్నాను.

"క్రికెట్లో బంతి బౌండరీ దాటిపోయింది. అవతలి చివర ఉన్న బ్యాట్స్‌మన్ ఏం చేస్తాడు?"

"ఏం జేస్తడు అంకుల్, నిలవడతడు. గ్లోవ్స్ సదురుకుంటడు."

"వాణ్ణి బద్ధకస్తుడంటారా?"

"ఎందుకంటరు? ఉరికినా ఉరకకున్నా ఫోర్ ఫోరే గదా." నా ముఖం చూసి, "ఎవరితోటి పెట్టుకున్నరు ఇయ్యాల లొల్లి?" అన్నాడు.

చెప్పాను. అతను చెంచాతో పప్పు కలుపుతూ విన్నాడు.

"సాఫ్ట్‌వేర్ల గట్లనే ఉన్నది అంకుల్. నిలవడితే లోఫ్. ఎందుకు నిలవడ్డడో రాయనీకి కాలమే లేదు. పెట్టమని నన్నెవరడిగిన్రు?"

"నేనడుగుతున్నాను. ఆట ఎటువైపు నడిచిందో ఒక కాలమ్ పెట్టు. నేను నింపుతాను."

"మీరు నాకు మేనేజరా? ఈ నెలల్నే నా హెచ్-వన్ రెన్యువల్ ఉంది. నన్ను ఈ లొల్లిలకు గుంజకున్రి, మీకు దండం పెడ్త."

డబ్బా పట్టుకుని వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగాడు.

"ఒక్క కాలమే గదా?"

ఆ మధ్యాహ్నమే కాలమ్ వచ్చింది. నేను మళ్ళీ మొదటినుంచీ చూసి నింపాను. ఆ కుర్రవాడి లోఫ్ టిక్కులు దాదాపు అన్నీ ఆట అవతలివైపు నడిచినప్పటివే. తనవైపు నడిచినప్పుడు వాడు నిలబడింది చాలా తక్కువ, అది కూడా దెబ్బ తగిలి.

అయినా ఇది నా ఊహేనని నాకూ తెలుసు. తేల్చాలంటే మార్గం ఒక్కటే. కారులో పెట్టె సర్దుకుంటున్న స్కౌటు దగ్గరికి పార్కింగ్‌లోకి వెళ్ళాను.

"ఆ కాలేజీ రిసీవర్ల కోచ్ నీకు తెలిసినవాడే. ఒక్క ఫోన్ చెయ్యి. నిలబడమని మీరే చెప్పారా అని అడుగు. అవునంటే ఆ మాట తీసేద్దాం. కాదంటే నేను నోరు మూసుకుంటాను."

అతను పెట్టె కింద పెట్టాడు. "పాప్స్, డ్రాఫ్ట్ ముందు నేను ఒక కుర్రాడి గురించి ఫోన్ చేశానంటే, మా క్లయింటుకి వాడు కావాలని సాయంత్రానికల్లా దేశమంతా తెలిసిపోతుంది. ఏప్రిల్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అడగడమంటే మన గుట్టు చెప్పేయడమే."

"మరి తెలుసుకోకుండా రాసేయడమేనా?"

"చూసింది రాస్తాం."

"చూసింది నిలబడ్డం. రాసింది బద్ధకం."

"ఆ ఫోటో చూశావుగా. నిలబడమని కోచ్ చెప్పే ఉండొచ్చు. నడుం మీద చేతులు పెట్టుకోమని కూడా చెప్పాడా?"

అతను పెట్టె ఎత్తి కారులో పెట్టుకున్నాడు.

ఇది ఆ వృత్తి ఆచారం. సంబంధం కలుపుకోబోయేవాళ్ళు వీధి చివర కిళ్ళీకొట్టు దాకా వెళ్ళి వాకబు చేస్తారు. ఇక్కడ వాకబు చేస్తే మన ఆశ బయటపడిపోతుందని భయం. అందుకని ఏ కుర్రవాడి మీద ఎక్కువ ఇష్టం ఉంటే వాడి గురించి అంత తక్కువ అడుగుతారు. పక్క గదిలో మనిషి ఉండగా తలుపు సందులోంచి చూసి, ఎలాంటివాడో రాసుకుని పోతారు. ఇందులో తెలివితక్కువవాళ్ళెవరూ లేరు. అందరూ తెలివైనవాళ్ళే కావడం వల్ల వచ్చిన తంటా అది.

రిపోర్టు పంపే రోజు వచ్చింది. నలుగురం బల్ల చుట్టూ కూర్చున్నాం. బాసు రెండు పేజీలూ పైకి చదివాడు. చదవడం అయిపోగానే నేను కొత్త కాలమ్ కాగితం ఆయన ముందుకు జరిపాను. విషయం చెప్పాను. బాగానే చెప్పాననుకుంటాను. ఆయన కాగితం చాలాసేపు చూశాడు. పెన్ను టకటకలాడుతూనే ఉంది, అది మంచి శకునం.

"బాగుంది. ఇది ఎవరు చేశారు?" అన్నాడు.

వరంగల్ పిల్లవాడు కుర్చీలో ఒక అంగుళం కిందికి జారాడు. "నేనే చేయించాను," అన్నాను.

స్కౌటు మెల్లిగా అందుకున్నాడు. "చెప్పి నిలబెట్టినవాడూ, బద్ధకంతో నిలబడ్డవాడూ వీడియోలో ఒకేలా ఉంటారు. ఇద్దర్నీ తిరిగి తిరిగి చూశాను నేను. తేడా తెలియనప్పుడు మార్కు తగ్గించడమే పద్ధతి."

అది సబబైన మాటే. నేను దానికి సబబైన జవాబు చెప్పాల్సింది. అలవాటు ప్రకారం నా గొంతు లేచింది.

"ఏడాదంతా కారేసుకుని దేశం తిరుగుతావు. మోటెళ్ళలో పడుకుంటావు, చల్లారిన కాఫీ తాగుతావు. ఒక్క ప్రశ్న అడగడానికి మాత్రం నోరు కదలదు. ఇప్పుడు చెప్పు, బద్ధకం ఎవరిది?"

పెన్ను ఆగిపోయింది.

ఆ మాట అన్నందుకు నాకు ఇవాళ్టికీ విచారం లేదు. అనడానికి ఎంచుకున్న సమయానికి మాత్రం విచారం ఉంది. మీలో కుర్రవాళ్ళెవరైనా ఉంటే చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి: ఎదుటివాడి మొహం ఎర్రబడ్డాక మీ దగ్గర ఎంత మంచి కాగితం ఉన్నా దాన్ని ఎవరూ చదవరు.

బాసు నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, తప్పుచేసిన ఆటగాడికి నచ్చజెప్పే కోచ్‌లాగా. "పాప్స్, నీది ఒక ఊహ. అతనిది ఒక ఊహ. అతని ఊహ తప్పయితే ఆ కుర్రాడికి నష్టం. నీ ఊహ తప్పయితే మన క్లయింటుకి నష్టం. మనం పనిచేసేది క్లయింటుకి."

"కుర్రాడు ఎవరి క్లయింటు?" అన్నాను.

బాసు కాగితాలు సర్దుకున్నాడు. "ఈ కాలమ్ మాత్రం బాగుంది. వచ్చే ఏడు నుంచి పెడదాం," అని ఆయన లేచాడు. రిపోర్టు ఫోటోతో సహా యథాతథంగా వెళ్ళిపోయింది.

ఆ శుక్రవారం పులిహోర డబ్బా ఖాళీగా తిరిగొచ్చింది. శుభ్రంగా కడిగి, తుడిచి, ఖాళీగా. మా ఆవిడ మూత తీసి చూసి, "ఏం కూశారు ఆయనతో?" అంది. ఇంట్లో కేసు అక్కడే తేలిపోయింది.

డ్రాఫ్ట్ మూడు రోజులు జరుగుతుంది. రెండో రోజు మంచు ఊరివాడి పేరు పిలిచారు. వాళ్ళమ్మ ఏడుస్తుంటే టీవీలో చూపించారు, నాకూ సంతోషమే వేసింది. మూడోరోజు శనివారం. అదే రోజు వరంగల్ పిల్లవాడి కూతురి మొదటి పుట్టినరోజు, పిస్కాటవేలో వాళ్ళ అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో. బెలూన్లు, పాప పేరుతో బ్యానరు, అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, గోడకి పెద్ద టీవీ. నేను టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటే, మా అక్క కాలంనాటి డాక్టరుగారొకాయన పక్కకొచ్చి కూర్చున్నారు.

"ఏమిటండీ, అంత శ్రద్ధగా చూస్తున్నారు? మీవాడెవరైనా ఉన్నాడా ఇందులో?"

"ఉన్నాడండీ."

"అలాగా! మన తెలుగువాడా?"

"కాదు."

"మీకు తెలిసినవాడా?"

"ఎప్పుడూ చూడలేదండీ. అంటే, చూశాను గానీ కలవలేదు."

"మరి మీవాడెలా అయ్యాడండీ?"

వెనక నుంచి మా ఆవిడ అందుకుంది. "ఆయనకి ఊళ్ళోవాళ్ళందరూ ఆయనవాళ్ళేనండీ, ఇంట్లోవాళ్ళు తప్ప."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. టీవీలో పేర్లు వస్తూనే ఉన్నాయి. రిసీవరు అన్నప్పుడల్లా నేను కుర్చీ అంచుకి వచ్చి, మళ్ళీ వెనక్కి జారబడ్డాను. కేకు కోశారు. పాప ఏడిచింది. ఎవరో టీవీ సౌండ్ తగ్గించి పాటలు పెట్టారు. చివరి పేరు కూడా అయిపోయింది. ఎండ ఊరివాడి పేరు రాలేదు.

వరంగల్ పిల్లవాడు కేకు ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. సూటు వేసుకున్నాడు, మెడలో ఎవరో వేసిన కాగితం దండ ఇంకా ఉంది.

"రాలేదా అంకుల్?"

"రాలేదు."

"మన కాలమ్ పెట్టినా?"

"అది వచ్చే ఏడాదికన్నారుగా."

"గట్లనే ఉంటది," అని, అతిథులొస్తే లేచి వెళ్ళాడు.

మా రిపోర్టు వల్లే అలా జరిగిందని నేననను. ఎత్తు చాలలేదు, గడియారం మీద నెమ్మది, కారణాలు చాలా ఉండొచ్చు. కానీ ఆ వారాల్లో టీవీ విశ్లేషకుడొకడి నోట ఆ మాటే విన్నాను, ఆట మధ్యలో ఆగిపోతాడట అని. ఇంకో జట్టు మనిషి ఫోన్లో మా బాసుతో అదే అన్నాడు. ఎక్కడ మొదలయిందో ఎవరికీ తెలియదు. ఆ మాటకి మాత్రం బద్ధకం లేదు, దేశమంతా తిరిగింది. తర్వాత ఏదో జట్టు ఆ కుర్రవాణ్ణి పరీక్షగా ఎండాకాలం శిబిరానికి పిలిచి, సీజన్ మొదలయ్యే ముందు ఇంటికి పంపేసిందని విన్నాను. మంచు ఊరివాడు చక్కగా ఆడుతున్నాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు సులువైన బంతి వదిలేస్తాడు.

మా బాసు మాట తప్పలేదు. మరుసటి ఏడు నుంచి కాలమ్ వచ్చింది. దాని పుణ్యాన, నిలబడి కూడా బద్ధకస్తులనే మాట పడకుండా బయటపడ్డ కుర్రవాళ్ళు ఉన్నారు. అందుకు మా బాసుకి దక్కాల్సిన మంచిపేరు దక్కాలి. కానీ పాత రిపోర్టులో ఆ ఒక్క మాట దిద్దించమని మూడుసార్లు అడిగాను. "అయిపోయిన డ్రాఫ్టుకి దిద్దుబాటేమిటి పాప్స్?" అని నవ్వేవాడు. ఉరి తీశాక తీర్పు దిద్దడంలాంటిదేనని ఆయన ఉద్దేశం. ఉరి పడ్డవాడి ఇంటిపేరుకైనా తీర్పు దిద్దాలని నా ఉద్దేశం. ఆ కాలేజీకి ఉత్తరం రాశాను. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, మా జట్టు ఆటల టిక్కెట్లు ఫలానా చోట దొరుకుతాయి అని జవాబొచ్చింది.

2015లో మానేశాను. చివరిరోజు ఆఫీసులో కేకు కోశారు, బాసు పెన్నుతో బల్ల కొట్టి ప్రసంగం చేశాడు. నేను నా బల్ల ఖాళీ చేస్తుంటే స్కౌటు వచ్చాడు. ఆ మీటింగ్ తర్వాత మేము మాట్లాడుకోకుండా ఏమీ లేం. కానీ అవి ఉద్యోగం మాటలు. చేతిలో మా డబ్బాలాంటిదే ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది. దాన్నిండా వాళ్ళావిడ చేసిన బిస్కట్లు.

"ఒకసారి ఖాళీగా ఇచ్చాను. గుర్తుందా?" అన్నాడు.

"మా ఆవిడకి గుర్తుంది," అన్నాను.

నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి, "నీ కుర్రాడు వాళ్ళ ఊళ్ళోనే హైస్కూల్లో పనిచేస్తున్నాడు. రిసీవర్లకి కోచింగ్ ఇస్తున్నాడట," అన్నాడు. స్కూలు పేరు చెప్పాడు. తలుపు దాకా వెళ్ళి, అలవాటుగా పక్కకి తిరిగి, ఆగాడు.

"ఇప్పుడు అడుగు పాప్స్. ఇప్పుడు అడగొచ్చు. ఇప్పుడు వాడు ఎవరికీ అక్కర్లేదు."

స్కూలు చిరునామాకి రాశాను. నేనెవరో రెండు ముక్కల్లో చెప్పాను, మీ కాలేజీ ఆటల వీడియోలు కోసిన ముసలివాణ్ణని. రిపోర్టు సంగతి ఎత్తలేదు. అందులో ఏముందో ఆ పిల్లవాడికి ఇప్పుడు చెప్పి చేసేదేముంది? ఒక్కటే అడిగాను: ఆట అవతలివైపు నడిచినప్పుడు మీరు కదలకుండా నిలబడేవారు, అలా నిలబడమని మీకు ఎవరైనా చెప్పారా?

వారాలు గడిచాయి. రాదనుకున్నాను. స్కూళ్ళు తెరిచాక ఒక రోజు వచ్చింది. రూళ్ళ కాగితం మీద చేత్తో రాసిన ఇంగ్లీషు. దాన్ని తెలుగు చేసి ఇక్కడ పెడుతున్నాను, నా మాట ఒక్కటి కూడా కలపకుండా.

"సర్, మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి క్షమించండి, సీజన్ మొదలైంది. అవును, మా కోచ్ చెప్పాడు. ఆట అటు వెళ్తే ఇటు ఉన్నవాడు కదలకూడదు, ఊపిరి దాచుకోవాలి. కదిలితే తిట్టేవాడు. ఇక్కడి ఎండ మీరు చూసి ఉండరు. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరెందుకు అడుగుతున్నారో తెలియదు గానీ, అడిగినందుకు థాంక్స్. ఇప్పుడు మా కుర్రాళ్ళకి నేనూ అదే నేర్పుతున్నాను. ఒక్కటి మాత్రం సొంతంగా కలిపాను. నిలబడండి గానీ, నడుం మీద చేతులు పెట్టుకోకండి, ఎవరు చూస్తుంటారో తెలియదు అని చెబుతాను."